నురుగు తగ్గని ట్యాంకు

హైదరాబాదుకు సముద్రం లేదన్న సంగతి మా ఆఫీసుకు తప్ప అందరికీ తెలుసు. నారాయణగూడ చౌరస్తాకు కాస్త ఇవతల, పెళ్ళిపత్రికలు అచ్చువేసే దుకాణం పైన, రెండు గదులూ ఒక బాల్కనీ ఉన్న ఆఫీసు అది. మా పనేమో సముద్రంలో చమురు తోడే రిగ్గుల మీద మంటలార్పే ఏర్పాట్లు చూడడం. 2010లో డిగ్రీ అయిపోయి నేనందులో చేరినప్పుడు, చిక్కడపల్లిలో మా సందు సందంతా ఒకటే ప్రశ్న అడిగింది.

"ఏంది, హుస్సేన్‌సాగర్ అంటుకున్నదా?"

కెమిస్ట్రీ చదివానని నన్ను తీసుకున్నారు. మొదటి ఆరు నెలలూ నేను చేసిన కెమిస్ట్రీ అంతా కాగితాలకు రంధ్రాలు పొడిచి ఫైళ్ళలో పెట్టడమే. పెళ్ళిళ్ళ సీజన్లో కింద అచ్చు మిషను ఆగకుండా తిరిగేది. దాని దెబ్బకు మా బల్లలు వణికేవి. ఎవరికో మూడుముళ్ళు పడుతుంటే ఇక్కడ మా డ్రాయింగుల్లో పైపులు వంకర పోయేవి. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో పనుల కోసం అడ్డంగా రేకులు కట్టారు, అచ్చు దుకాణం మూతపడింది. అటుగా వెళ్ళినప్పుడల్లా సిరా వాసన కోసం ముక్కు ఎగబీలుస్తాను. దుమ్ము వస్తుంది.

సార్ కాకినాడ వైపు మనిషి. ముప్ఫై ఏళ్ళు ఓడల మీదా రిగ్గుల మీదా మంటలార్పి, మోకాళ్ళు అరిగిపోయాక, సరిగ్గా ఇరవై రెండు మెట్లెక్కాల్సిన చోట ఆఫీసు పెట్టుకున్నారు. నేను చేరిన కొత్తలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పారు. మండుతున్న నూనె మీద నీళ్ళు పోస్తే, నూనె ఆ నీళ్ళ మీదికెక్కి మంటతో సహా షికారు వెళ్తుంది. అందుకని నీళ్ళలో ఒక మందు కలిపి, నురుగు చేసి, నూనె మీద దుప్పటిలా కప్పుతారు. ఆ మందు పేరే ఫోమ్. ప్రతి రిగ్గు మీదా దాని కోసం ఒక పెద్ద ట్యాంకు ఉంటుంది.

పాత ఫోమ్ బ్రహ్మాండంగా పనిచేసేది. దానికి ఒకటే లోపం. చావదు. మట్టిలో, నీళ్ళలో, చేపలో, ఆ చేపను తిన్నవాడి నెత్తుటిలో, ఎక్కడికి చేరినా అట్లాగే కూర్చుంటుంది. అందుకని బయటి దేశాలు దానిమీద ఆంక్షలు పెట్టాయి. ఇక్కడి రిగ్గుల్లో వాటా ఉన్న విదేశీ కంపెనీలు తమ వాటా మేరకైనా మంచివాళ్ళమనిపించుకోవాలనుకున్నాయి. మాకు పని దొరికింది. పాత మందు తీసి డ్రమ్ముల్లో నింపాలి. ఒక్క చుక్క కూడా సముద్రంలో పడకూడదు. ట్యాంకునూ పైపులనూ నీళ్ళతో కడగాలి. ఆ కడిగిన నీళ్ళు కూడా డ్రమ్ముల్లోకే. అంతా శుభ్రమయ్యాక కొత్త మందు నింపాలి.

"శుభ్రమైందని ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగాను.

"సీసా చెబుతుందయ్యా," అన్నారు సార్.

ఆ సీసా పరీక్ష ఆయనకు ప్రాణం. ల్యాబులో చేసే పరీక్ష వేరే ఉంది గానీ, దాని ఫలితం రావడానికి వారాలు పడుతుంది. రిగ్గు మీద అప్పటికప్పుడు తేల్చేది సీసానే. కడిగిన నీళ్ళను సగం సీసాకు పట్టి, మూత బిగించి, ఇరవైసార్లు ఊపి, బల్ల మీద పెట్టాలి. నురుగు వెంటనే చచ్చిపోతే పాత మందు పోయినట్టు. నిలబడితే ఇంకా ఉన్నట్టు. ప్రతిసారీ కొత్త సీసాయే వాడాలి. ఆ సీసాలు కూడా మా ఆఫీసు నుంచే వెళ్ళాలి, ఎందుకంటే సార్‌కు లోకంలో ఇంకెవరి సీసాల మీదా నమ్మకం లేదు. వాటి కోసం ఒక చెక్‌లిస్టు రాశారు. అందులో ఆరో వరుస ఇది: "సీసాలు ఉత్త నీళ్ళతో మూడుసార్లు కడిగాను. సబ్బు వాడలేదు." కింద కడిగినవాడి సంతకం.

ట్యాంకులో దిగి కడిగే నలుగురిలో ఒకతన్ని నేనే తెచ్చాను. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గదిలో ఉంటూ గ్రూప్స్ పరీక్షకు చదివే అన్న. వాళ్ళ అమ్మానాన్నలు రాంనగర్ వైపు బస్తీలో ఉండి కట్టడాల పనికి వెళ్ళేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్ద. సాయంత్రం పూట అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర పరిచయమయ్యాడు. అక్కడ చాయ్ తాగేవాళ్ళంతా కాబోయే డిప్యూటీ కలెక్టర్లే, ప్రస్తుతానికి చాయ్ బండివాడు ఒక్కడే ఉద్యోగస్తుడు. నేను గ్రూప్స్ చదవట్లేదని తెలిసి అందరూ నన్ను జాలిగా చూసేవాళ్ళు. అన్న మాత్రం పక్కన జాగా ఇచ్చి, నా ఆఫీసు గురించి అడిగేవాడు.

"సముద్రం మీద పనంటే ఈత రావాలెనా?"

"ట్రైనింగ్ ఇస్తరన్నా. బట్టలతోనే నీళ్ళల్ల దుంకిస్తరంట."

"మాది బాయిల నేర్చిన ఈత. నీళ్ళు కనవడ్తే చాలు," అన్నాడు.

ఆ ట్రైనింగ్‌లో నిజంగానే మొదటి దూకుకే సర్టిఫికెట్ ఇచ్చేశారట. అట్లా రెండు మూడు నెలలకొకసారి రిగ్గు మీదికి వెళ్ళి రెండు వారాలు పనిచేసి, మిగతా రోజులన్నీ అశోక్‌నగర్‌లో చదువుకునేవాడు. హెలికాప్టర్లో బరువు ఎక్కువ తీసుకుపోనివ్వరని, లావుపాటి పుస్తకాన్ని బ్లేడుతో యూనిట్లు యూనిట్లుగా కోసి, ఆ విడతకు కావలసిన ముక్క మాత్రం సంచిలో పెట్టుకునేవాడు. ఒకసారి ఆర్థికశాస్త్రం అనుకుని పంటల చరిత్ర పట్టుకుపోయాడు. "ఏమైతది, రెండు వారాలు అదే చదివిన," అన్నాడు తిరిగొచ్చాక.

ఆ ఏడాది సంగతి వేరు. పరీక్ష తేదీ వచ్చింది. అతనికి అదే ఆఖరి అవకాశం, వచ్చేసారికి వయసు దాటిపోతుంది. అదే సమయానికి కాకినాడ అవతల ఒక రిగ్గు పని పడింది. లెక్క చూసుకున్నాం. పరీక్షకు నాలుగు రోజుల ముందే పని అయిపోతుంది. "నాలుగు రోజులు చాలు తమ్మీ, రివిజన్‌కు," అన్నాడు అన్న. వెళ్ళమని చెప్పింది నేనే.

ఆ రిగ్గుకు వెళ్ళాల్సిన సీసాలు నాలుగు డజన్లు. వాటిని కడగాల్సిన రోజున ఆఫీసు నల్లాలో నీళ్ళు రాలేదు. ఆ బిల్డింగుకు నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అది విడిచిన రోజు. అట్టపెట్టెను స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. టీవీలో మ్యాచ్ నడుస్తోంది, ఆఖరి ఓవర్లు. మా అమ్మ వెనకాల నల్లా దగ్గర ఉంది.

"అమ్మా, జర గీ సీసాలు కడుగుతవా? ఉత్త నీళ్ళతోటే," అన్నాను టీవీ మీది నుంచి కళ్ళు తీయకుండా.

"ఏడికి పోతయిరా ఇవి?"

"సముద్రం మీదికి."

"గంత దూరమా?" అంది అమ్మ.

మ్యాచ్ అయ్యాక డాబా ఎక్కి చూస్తే, నలభై ఎనిమిది సీసాలూ పాత చీర మీద బోర్లా పడుకుని తళతళలాడుతున్నాయి. మన దేశం గెలిచింది, సీసాలు ఆరిపోయాయి, ఆ రోజుకు ఇంకేం కావాలి. ఆరో వరుసలో సంతకం పెట్టాను. అక్షరాలు గుండ్రంగా కూడా వచ్చాయి. మూడు డజన్లు రిగ్గుకు పంపి, డజను ఆఫీసులో ఉంచాం.

రిగ్గు నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోను వచ్చేది. మొదటి కడుగు నీళ్ళు ఊపితే సీసా మూతి దాకా నురుగు. "సహజం," అన్నారు సార్. రెండో కడుక్కి సగానికి దిగింది. "దారిలోకొచ్చింది." మూడో కడుక్కి రెండు వేళ్ళ మందం. సార్ సంతోషంగా చాయ్ తెప్పించారు. నాలుగో కడుక్కి రెండు వేళ్ళు. ఐదుకీ రెండు వేళ్ళే. ఆరో కడుగు నాటికి సార్ చాయ్ మానేశారు.

ఆయన బల్ల మీద ఆ రిగ్గు పైపుల డ్రాయింగు పరచుకుని, ఎర్ర పెన్సిల్‌తో మూలలన్నిటికీ సున్నాలు చుట్టారు. "ఇక్కడెక్కడో దాక్కుందయ్యా," అని దానితో మాట్లాడేవారు. రిగ్గు మీద ఆ నలుగురూ ట్యాంకులోకి దిగి, గోడలన్నీ గుడ్డలతో తుడిచి, వంపు వంపు దగ్గరా బోల్టులు విప్పి చూశారు. ఏమీ లేదు. కడిగారు. ఊపారు. రెండు వేళ్ళ నురుగు. అన్ని నీళ్ళూ డ్రమ్ముల్లోకే పోవాలి కదా, ఖాళీ డ్రమ్ములు అయిపోవస్తున్నాయి. నాలుగు రోజుల రివిజన్ కాస్తా కరిగిపోయింది. పని ముగియకుండా అన్న ఒక్కడూ దిగిపోవడానికి లేదు. ట్యాంకులో దిగినవాళ్ళు ఆఖరి తనిఖీ దాకా అక్కడే ఉండాలి. అతని బదులు ఇంకొకర్ని పంపాలంటే వాళ్ళకూ ట్రైనింగు, వైద్య పరీక్షలు ఉండాలి. హెలికాప్టర్ వారానికి రెండుసార్లే, బుధవారం, శనివారం. బుధవారంది అప్పుడే వెళ్ళిపోయింది. పరీక్ష ఆదివారం.

గురువారం సాయంత్రం ఎనిమిదో కడుగు ఫలితం వచ్చింది. రెండు వేళ్ళు. సార్ ఫోనులో రిగ్గు ఇంజనీరుతో చాలాసేపు మాట్లాడి, ఒక నిర్ణయానికి వచ్చారు. సోమవారం పైపును రెండు చోట్ల కోసి చూడాలి. అంటే ఇంకో పది రోజులు. ఆయన ఫోను నాకిచ్చి బాల్కనీలోకి వెళ్ళారు. అటువైపు అన్న.

"తమ్మీ, ఇన్నవా?"

"ఇన్న అన్నా."

"నా రూముల ట్రంకుపెట్టె ఉన్నది గద, దాంట్ల హాల్‌టికెట్ ఉంటది. జర తీసి నీ దగ్గర పెట్టుకో."

"నేన్ పోయి రాయాల్నా ఏంది?"

"నువ్వు రాస్తే ఆళ్ళు మొత్తం నోటిఫికేషనే క్యాన్సిల్ చేస్తరు," అన్నాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలో ఆగింది. "రాత తమ్మీ. ఏం జేస్తం. గిప్పుడు ఒకటి చెప్త, నవ్వొద్దు."

"చెప్పు. ఆ గ్యారంటీ ఇయ్యలేను."

"ఆ సీసా ఊపి, మూత తీస్త గద... మా అవ్వ యాదికొస్తది. చిన్నప్పుడు ఐతారం పొద్దుగాల వాకిట్ల బండ మీద కూసోబెట్టి తలకు పోస్తుండె. సేమ్ గదే వాసన. రోజంత ట్యాంకుల తలకాయ పెట్టి పెట్టి నాకు దిమాక్ ఖరాబైనట్టున్నది."

"లగ్గం చేస్కో అన్నా, తగ్గిపోతది," అని ఫోను పెట్టేశాను.

సంచి తగిలించుకుని మెట్లు దిగుతున్నాను. నాలుగు మెట్లు దిగాను. ఐదో మెట్టు మీద కాలు ఆగిపోయింది. తలకు పోస్తే వచ్చే వాసన. డాబా మీద, పాత చీర మీద తళతళలాడిన సీసాలు. ఉత్త నీళ్ళతో కడిగిన ప్లాస్టిక్ సీసా తళతళలాడదు.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి ఆ వేళప్పుడు స్కూటర్ మీద పావుగంట. నేను ఎంతలో వెళ్ళానో చెప్పను, ట్రాఫిక్ పోలీసులు చదవచ్చు. అమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, ఆ దినం సీసాలు దేంతోని కడిగినవ్?"

"నీళ్ళతోనే."

"ఉత్త నీళ్ళేనా?"

"ముందుగాల ఉత్త నీళ్ళే. ఒకటే ప్లాస్టిక్ వాసన కొడ్తుండె. నేను తలకు పోస్కుందామని నానవెట్టిన కుంకుడుకాయ రసం మిగిలింది. అది పోసి ఒక్కొక్కటి గిలకొట్టిన. మంచిగ మెరిసినయ్ గద?"

"సబ్బు పెట్టొద్దన్న గదనే!"

"నేనేడ పెట్టిన సబ్బు?" అంది అమ్మ, నిజంగానే నొచ్చుకుని. "కుంకుడుకాయ సబ్బెట్లయితదిరా? చెట్టుకు కాసేది."

నురుగుకు ఆ తేడా తెలియదు. ఆ రసం సీసాలో ఆరిపోయి, ఎప్పుడు నీళ్ళు తగిలితే అప్పుడు రెండు వేళ్ళ నురుగై లేస్తోంది. మూడో కడుక్కే ఆ ట్యాంకు శుభ్రమైపోయింది. తర్వాతి ఐదు కడుగులూ నలుగురు మనుషులు నడిసముద్రంలో మా అమ్మ తలంటు నీళ్ళను వెతుకుతున్నారు.

గడప మీద కూర్చున్నాను. నాకు వెంటనే తట్టిన ఉపాయం, చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉన్నా, చెబుతాను. రేపు నాలుగింటికి ఫోను వచ్చినప్పుడు, సీసాను ముందు తాగే నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి చూడమని అన్నకు మెల్లగా చెప్పచ్చు. నురుగు రాదు. అందరూ సంతోషం. ఎవరికీ ఏమీ తెలీదు. బాగుంది. కానీ సార్ సంగతి నాకు తెలుసు. ఎనిమిదిసార్లు నిలబడిన నురుగు తొమ్మిదోసారి మాయమైందంటే ఆయన సంతోషించరు, అనుమానిస్తారు. ఇంకో రెండు రోజులు ఆగి మళ్ళీ కడిగి చూడమంటారు. ఆ రెండు రోజుల్లో శనివారం హెలికాప్టర్ వెళ్ళిపోతుంది. నురుగు ఎందుకొచ్చిందో తెలిస్తే తప్ప ఆయన సంతకం పెట్టరు. ఎందుకొచ్చిందో తెలిసింది లోకంలో ఇద్దరికే. ఆ ఇద్దరిలో ఒకరు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఏమైందిరా?" అంది అమ్మ. చెప్పాను. చేతిలో కాయలు పక్కన పెట్టేసింది. "ఆ పిలగాని పరీక్ష పోతే నాకే తగుల్తది," అంది. "పో. సార్‌కు చెప్పు. మా అమ్మ చేసిందని చెప్పు."

తిరిగి వెళ్ళేసరికి సార్ ఇంకా డ్రాయింగు మీదే వంగి ఉన్నారు. ఆఫీసులో మిగిలిన డజనులోంచి ఒక సీసా తీశాను. వచ్చేటప్పుడు కింద దుకాణంలో కొన్న నీళ్ళ సీసా విప్పి, సగం ఇందులో పోశాను. రెండు చేతుల్తో రెండూ ఊపడం మొదలుపెట్టాను. ఇరవైసార్లు ఊపడం చాలా పెద్ద పని, ఎదురుగా మీ ఉద్యోగం మీ వంక చూస్తున్నప్పుడు. రెండూ బల్ల మీద పెట్టాను. దుకాణం సీసాలో రెండు బుడగలు లేచి చచ్చిపోయాయి. మా సీసాలో రెండు వేళ్ళ నురుగు, తెల్లగా, నిండుగా.

సార్ కళ్ళజోడు సవరించుకుని చూశారు. మూత తీసి వాసన చూశారు.

"కుంకుడుకాయా?"

"అవును సార్."

ఆయన చెక్‌లిస్టు తీసి ఆరో వరుస మీద వేలు పెట్టారు. "ఈ సంతకం ఎవరిదయ్యా?"

"నాదే సార్."

"కడిగిందెవరు?"

"మా అమ్మ సార్."

"అయితే ఆవిడ్ని ఉద్యోగంలోకి తీసుకుని నిన్ను ఇంటికి పంపాలి," అన్నారు. నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "ఎనిమిది కడుగులయ్యా. ఆ కుర్రాళ్ళు ఆ చీకటి ట్యాంకులో ఎనిమిదిసార్లు దిగారు. నీ సంతకాన్ని నమ్మి."

అప్పుడు నా దగ్గర హాస్యమేమీ లేదు. వెతికాను కూడా. దొరకలేదు.

"సార్, ఆ అన్నకు ఆదివారం పరీక్ష ఉంది. ఆఖరిది. శనివారం హెలికాప్టర్ తప్పితే లేదు. నన్ను తీసేసినా పర్లేదు గానీ..."

"నిన్ను తీసేయడం పెద్ద పనేం కాదు, తీరిగ్గా చేసుకోవచ్చు," అని కంప్యూటర్ నా వైపు తిప్పారు. "ముందు రిగ్గుకు మెయిలు రాయి. సీసాలు తాగే నీళ్ళతో బాగా కడిగి, మూడు చోట్ల నుంచి నీళ్ళు పట్టమను. నురుగెందుకొచ్చిందో కారణం రాయి. చెక్‌లిస్టులో కడగకుండా సంతకం పెట్టింది నువ్వేనని కూడా రాయి. కంపెనీవాళ్ళకూ వెళ్తుంది అది."

ఆ మెయిలు కంపెనీకి వెళ్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇకమీదట పని ఇచ్చేది లేదని వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేయచ్చు. ఆ ఇరవై రెండు మెట్ల ఆఫీసు అంతటితో సరి. ఆయన ఆ మాట అనలేదు. నేను టైపు చేశాను. కుంకుడుకాయను విదేశీయులకు ఎట్లా వివరించాలో తెలియక "చెట్టుకు కాసే, తల రుద్దుకునే పదార్థం" అని ఇంగ్లీషులో రాశాను. సార్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పంపించేశారు.

శుక్రవారం మూడున్నరకే ఫోను పక్కన కూర్చున్నాం. కింద అచ్చు మిషను దడదడలాడుతోంది. నాలుగయింది. నాలుగూ పది అయింది. రిగ్గు ఫోను ఆలస్యమైన రోజులు అంతకు ముందు బోలెడున్నాయి, ఏ రోజూ నేను గడియారం చూడలేదు. నాలుగుంపావుకు మోగింది. సార్ విని, ఫోను నాకిచ్చారు.

"తమ్మీ, మూడు సీసాల నీళ్ళు అద్దం లెక్క ఉన్నయ్," అన్నాడు అన్న. "ఇంజనీర్ సార్ రెండుసార్లు ఊపిండు, నేను రెండుసార్లు ఊపిన. బుడగ లేదు. కొత్త మందు ఎక్కిస్తున్నం. ఏమైందంట, ఎవలు జెప్తలేరు."

"వచ్చినాంక జెప్తన్నా. రేపు హెలికాప్టర్‌లో పేరుందా?"

"రాసిండ్రు," అన్నాడు. ఒక్క మాటే.

ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో కాకినాడ రైలు దిగాడు. గడ్డం పెరిగింది, చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి, సంచిలో పుస్తకం ముక్క. హాల్‌టికెట్ నా చొక్కా జేబులో ఉంది. పరీక్ష సెంటరు బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీ. స్కూటర్ ముషీరాబాద్ దాటేదాకా ఓపిక పట్టి, క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర మొత్తం చెప్పేశాను, అమ్మ, మ్యాచ్, సంతకం, కుంకుడుకాయ. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. సిగ్నల్ పడింది. చిక్కడపల్లి దాటాం. నారాయణగూడ వచ్చింది. దిగి కొడతాడేమోనని మెల్లగా నడుపుతున్నాను.

"అంటే," అన్నాడు చివరికి, "నా దిమాక్ మంచిగనే ఉన్నదన్నట్టు."

"మంచిగనే ఉన్నదన్నా."

"మూడు దినాల సంది అదే పరేషాన్ తమ్మీ. పిచ్చి లేస్తే పరీక్ష ఎట్ల రాయాలె అని."

గేటు దగ్గర అమ్మ పంపిన పులిహోర డబ్బా ఇచ్చాను. నిలబడే తినేశాడు. "మీ అమ్మకు జెప్పు, నాకు కోపం లేదని. నీ మీద ఉన్నది. అది పరీక్ష రాసి వచ్చినాంక చూస్త," అని లోపలికి వెళ్ళాడు. మధ్యాహ్నం బయటికొచ్చాక కొడతానన్న సంగతి మర్చిపోయాడు. గదికి తీసుకుపోతే చెప్పులతోనే పడుకుని, సోమవారం చీకటి పడేదాకా లేవలేదు.

కంపెనీ నుంచి జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. కారణం నమోదు చేసుకున్నాం. ఇకపై సీసాలు మేమే తెచ్చుకుంటాం. సార్ అది చదివి అరగంట కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఇంకెవరి సీసాలనో నమ్మాల్సిన రోజు వచ్చింది కదా. తర్వాత చెక్‌లిస్టు తీసి, ఆరో వరుసలో "సబ్బు" పక్కన తన చేత్తో "కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి" అని చేర్చారు. నన్ను తీసేసే పని ఇప్పటికీ తీరిగ్గానే ఉంది.

ఆ పరీక్ష ఫలితాలు రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోపల అన్న చాలా ట్యాంకులు దిగాడు. ల్యాబు రిపోర్టు రాకముందే ఏ పైపులో పాత మందు మిగిలిందో వాసన చూసి చెప్పేవాడు, తప్పేది కాదు. సార్ ఆ ముక్కును నమ్మినంతగా నన్ను ఎన్నడూ నమ్మలేదు. అది న్యాయమే. అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర మాత్రం అతను చాయ్ ఊదుకుంటూ, పక్కవాళ్ళు ప్రశ్నాపత్రం మీద కొట్టుకుంటుంటే వింటూ ఉండేవాడు. ఆ సాయంత్రాలు నాకు ఎంత అలవాటయ్యాయంటే, ఫలితాలు రాకపోతేనే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అతనితో అనలేదు.

వచ్చాయి. లిస్టులో అతని నంబరు ఉంది. పాలమూరు వైపు ఒక మండలం ఆఫీసులో ఉద్యోగం. ఆ రోజు మెట్లన్నీ ఎక్కి వచ్చి, సార్ కాళ్ళకు దండం పెట్టాడు. సార్ అతన్ని లేపి, భుజం తట్టి, మంచి మాటలు చెప్పి, చాయ్ తాగించి, మెట్ల దాకా వెళ్ళి సాగనంపారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, వచ్చే నెల రిగ్గు డ్రాయింగు ముందు పరచుకుని, నా వైపు చూశారు.

"ఆ గురువారం నువ్వు నోరు మూసుకుని ఉంటే," అన్నారు, "ఇవాళ నాకు మనిషి మిగిలేవాడయ్యా."

"నిజమే సార్."

"ఈత వచ్చా?"

"రాదు సార్."

"నేర్చుకో," అన్నారు. తర్వాతి ట్యాంకులోకి నేనే దిగాను.